పొద్దున ఏడింటికి సీఎస్‌ఎంటీ, మధ్యాహ్నం రెండింటికి మంత్రాలయ: మధ్యలో ముంబై ఫోర్ట్

మహారాష్ట్రలోని ధర్మాబాద్, ఉమ్రి, ముద్ఖేడ్, నాందేడ్ వైపు నుంచి ముంబైలో పని పడితే మన తెలుగువాళ్లు ఎక్కేది చాలామటుకు దేవగిరి ఎక్స్‌ప్రెసే. రాత్రి పడుకుంటే పొద్దున ఏడు, ఏడున్నర మధ్య ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్, అంటే సీఎస్‌ఎంటీలో దింపుతుంది. పని మంత్రాలయలో, అంటే మహారాష్ట్ర ప్రభుత్వ సచివాలయంలో అయితే మామూలు జనానికి లోపలికి వెళ్లే వీలు మధ్యాహ్నం రెండు దాటాకే. అంటే చేతిలో ఆరు గంటలకు పైగా ఉంటుంది. ఆ సమయమంతా ఫైలు కవరు ఒళ్లో పెట్టుకుని వెయిటింగ్ హాల్లో కూర్చునేవాళ్లే ఎక్కువ. ఆ స్టేషనుకీ ఆ ఆఫీసుకీ నడుమ ఉన్నదే ఫోర్ట్. దేశంలో నడిచి చూడదగ్గ పేటల్లో మొదటి వరసలో నిలిచే చోటు అది. గడ్చిరోలి జిల్లా సిరొంచ, అహేరి వాళ్లకు ఊళ్లో రైలు లేదు, బల్లార్షా దాకా బస్సులో వచ్చి రైలు పట్టుకోవాలి. ముంబై వెళ్లే రైళ్లలో కొన్ని కుర్లా ఎల్‌టీటీ (లోకమాన్య తిలక్ టెర్మినస్) దగ్గరే ఆగిపోతాయి కాబట్టి టికెట్ తీసేటప్పుడే చివరి స్టేషన్ ఏదో చూసుకోవాలి.

ఈ పేటకు టికెట్ లేదు, గైడు అక్కర్లేదు. మంచి చెప్పులు, సరైన వరస ఉంటే చాలు. వరస ఎందుకంటే, ఇక్కడ చూడాల్సిందంతా రాయీ సిమెంటూనే. ఎండ ఏ వైపు నుంచి పడుతోందన్న దాన్ని బట్టే వాటి అందం. చాలామంది రైలు దిగగానే టాక్సీ ఎక్కి నేరుగా గేట్‌వే ఆఫ్ ఇండియాకి పోతారు. పొద్దున సూర్యుడు సముద్రం వైపు ఉంటాడు, మనం నిలబడేది ఊరి వైపు. కమాను నల్లటి నీడలా కనిపిస్తుంది, ఫోటోలో మొహాలూ నల్లగానే వస్తాయి. గేట్‌వేని చివరికి ఉంచుకోవాలి. వీలుకాకపోతే వదిలేసినా పెద్ద నష్టం లేదు.

ముందు సామాను సంగతి. స్టేషన్లో క్లోక్‌రూమ్ ఉంది. రైలు టికెట్, గుర్తింపు కార్డు చూపాలి, సంచికి తాళం ఉండాలి. మనవాళ్లు ఇబ్బంది పడేది ఇక్కడే: జిప్పు లేని గుడ్డసంచి, మూతికట్టిన బస్తా తీసుకోరు. జిప్పుకు పట్టే చిన్న తాళం ఇంటి దగ్గరే వేసుకొస్తే పని అయిపోతుంది. రసీదు ఫైలు కవర్లో కాకుండా పర్సులో పెట్టుకోవాలి, సాయంత్రం సామాను విడిపించేది అదే. స్నానం, మిగతావన్నీ కూడా స్టేషన్లోనే కానిచ్చుకోవడం మేలు. హుతాత్మా చౌక్ నుంచి కాలాఘోడా దాకా శుభ్రమైన మరుగుదొడ్డి దొరకడం కష్టం. ముఖ్యంగా ఆడవాళ్లతో వెళ్తే హోటల్లో టిఫిన్ చేసినప్పుడే చూసుకోవాలి. ఆ తర్వాత మ్యూజియం లోపల బాగుంటుంది.

స్టేషన్ వదిలే ముందు ఒక పది నిమిషాలు స్టేషన్‌కే ఇవ్వాలి. దీన్ని కట్టింది ఫ్రెడరిక్ విలియం స్టీవెన్స్. పని 1878లో మొదలై దాదాపు పదేళ్లు పట్టింది. 2004లో యునెస్కో జాబితాలో చేరింది. దూరపు రైళ్ల ప్లాట్‌ఫారాలు మామూలుగానే ఉంటాయి, వాటిని చూసి ఇంతేనా అనుకోవద్దు. లోకల్ రైళ్ల టికెట్ కౌంటర్లున్న హాలు ఎక్కడో అడిగి అక్కడికి వెళ్లాలి. దాన్ని స్టార్ చాంబర్ అంటారు. లోపలికి రావడానికి ఏ టికెట్టూ అడగరు. కౌంటర్ల వరసకు అడ్డం రాకుండా ఒక స్తంభం పక్కన నిలబడి తల పైకెత్తితే కమాన్లు ఒకదాన్నొకటి కోసుకుంటూ పైకి పోతాయి, కప్పు మీద నక్షత్రాలు కనిపిస్తాయి. తర్వాత చూపు కిందికి దించి స్తంభం తల దగ్గర ఆపాలి. అక్కడ రాతిలో ఆకులు, వాటి సందుల్లో పక్షులు, చిన్న జంతువులు. ఈ చెక్కడాల్లో జేజే ఆర్ట్ స్కూల్ విద్యార్థుల చెయ్యి ఉంది. ఇక్కడే దొరికే చిన్నచిన్న ఆకులు, ఉడతలు, నెమళ్లు లండన్ పద్ధతి కట్టడంలోకి అలా వచ్చి చేరాయి.

స్టేషన్ ముఖం పడమరకు ఉంటుంది, కాబట్టి పొద్దున నీడలో ఉంటుంది. ఫోటోకు అది పనికిరాదు గానీ కంటితో చూడటానికి మంచిదే, వెలుగు కళ్లలో పడదు. గేటు స్తంభాల మీద ఒక పక్క సింహం, ఒక పక్క పులి: ఒకటి బ్రిటన్‌కి, ఒకటి మన దేశానికి గుర్తు. గుమ్మటం మీద కాగడా ఎత్తి పట్టుకున్న స్త్రీమూర్తి పేరు ప్రగతి. ఎదురుగా ఉన్న మునిసిపల్ కార్పొరేషన్ భవనం కూడా స్టీవెన్స్‌దే, 1893లో పూర్తయింది. రోడ్డు పైనుంచి దాటే సాహసం చేయొద్దు. స్టేషన్ ముందే సబ్‌వే ఉంది, లోపలంతా దుకాణాలు, బయటికి మెట్లు చాలా చోట్ల ఉన్నాయి. తప్పు మెట్లు ఎక్కితే మళ్లీ దిగిరావాలి. 'డీఎన్ రోడ్' (దాదాభాయి నౌరోజీ రోడ్డు) అని అడిగితే ఎవరైనా చూపిస్తారు.

ఫోర్ట్ అనగానే కంధార్ కోట చూసిన కళ్లు బురుజుల కోసం వెతుకుతాయి. ఇక్కడ కోట లేదు. ఈస్టిండియా కంపెనీ నాటి గోడలను 1860లలో గవర్నర్ బార్టిల్ ఫ్రియర్ కాలంలో పడగొట్టారు. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోవడంతో మన పత్తికి ధర పెరిగి బొంబాయిలో డబ్బు పొంగిన రోజులవి. గోడలు పోయిన చోట వెడల్పైన రోడ్లు, మైదానాలు, రాతి భవనాలు వచ్చాయి. పత్తి పండించే జిల్లాల నుంచి వెళ్లే మనకు ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఫోర్ట్ అంతా వేరేగా కనబడుతుంది.

డీఎన్ రోడ్డు మీద సుమారు కిలోమీటరు నడక. ప్రతి భవనం కింద కమాన్ల వసారా ఉంటుంది. 1896 నాటి నిబంధన ప్రకారం ఇలా కట్టారు, అందుకే పైన ఒక్కో భవనం ఒక్కో తీరులో ఉన్నా కింద వరస తెగదు. ఎండకూ వానకూ గొడుగు అవసరం పడదు. పది దాటితే వసారాల్లో చిల్లర సామాను అమ్మేవాళ్లు నిండిపోతారు, నడక నెమ్మదిస్తుంది. తొమ్మిదిన్నర లోపే ఈ రోడ్డు దాటేయడం మంచిది.

టిఫిన్‌కు రెండు దారులు. ఫోర్ట్ సందుల్లో ఉడుపి హోటళ్లున్నాయి. సాంబారు తియ్యగా ఉంటుంది. ధర్మాబాద్ మిరపకాయ తిని పెరిగిన నోటికి అది ఎక్కదు. ఇడ్లీ మీద సాంబారు పోసే తెస్తారు, విడిగా కావాలంటే ఆర్డరు చెప్పేటప్పుడే చెప్పాలి. రెండో దారి ఇరానీ హోటలు. ధోబీ తలావ్‌లోని కయానీ 1904 నాటిది. స్టేషన్ నుంచి మహాపాలికా మార్గ్ పట్టుకుని మెట్రో సినిమా వైపు పదిహేను నిమిషాల నడక. హైదరాబాద్ ఇరానీ చాయ్ ఊహించుకుని వెళ్తే మాత్రం సరిపోదు. పాలు విడిగా మరగబెట్టి చిక్కబరచడం, డికాక్షన్ దమ్ మీద ఉంచడం ఇక్కడి పద్ధతి కాదు, చాయ్ పలచగా ఉంటుంది. ఇక్కడి గొప్ప రొట్టెదే. బన్ మస్కా అంటే మెత్తటి బన్నుకు వెన్న. బ్రున్ మస్కా అంటే పైన గట్టి పెంకు ఉన్న రొట్టె, చాయ్‌లో ముంచి నానాకే కొరకాలి. పెద్దవాళ్లకు, పళ్లు సరిగా లేనివాళ్లకు బన్నే చెప్పాలి. ఖారీ బిస్కెట్, మావా కేకు కూడా బాగుంటాయి. మన ఉస్మానియా బిస్కెట్ కోసం వెతకొద్దు.

డీఎన్ రోడ్డు చివర ఫ్లోరా ఫౌంటెన్. 1864 నాటి రాతి ఫౌంటెన్ ఇది. దాని పక్కనే కాగడా పట్టుకున్న ఇద్దరు మనుషుల విగ్రహం ఉంది: ఒకరు రైతు, ఒకరు కార్మికుడు. మరాఠీ మాట్లాడే ప్రాంతాలను ముంబైతో కలిపి ఒక రాష్ట్రం చేయాలని సాగిన సంయుక్త మహారాష్ట్ర ఉద్యమంలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల గుర్తు అది, అందుకే ఈ కూడలి పేరు హుతాత్మా చౌక్, అంటే అమరవీరుల కూడలి. ఎక్కువమంది ఫౌంటెన్ ఫోటో తీసుకుని ముందుకు పోతారు. మన జిల్లాల వాళ్లు మాత్రం ఇక్కడ ఆగాలి. నాందేడ్ 1956 నవంబరు 1 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. ఆ రోజున తెలంగాణ జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి, నాందేడ్ బొంబాయి రాష్ట్రంలోకి వచ్చింది. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది. ధర్మాబాద్ ఒక రాష్ట్రంలో, బాసర ఇంకో రాష్ట్రంలో ఎందుకున్నాయో, ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ ఎందుకైందో ఈ విగ్రహం దగ్గర పిల్లలకు చెప్పొచ్చు. పొట్టి శ్రీరాములు పేరు తెలిసిన పిల్లలకు ఇక్కడి కథ సగం తెలిసినట్టే.

ఇక్కడినుంచి తూర్పుకు ఐదారు నిమిషాలు నడిస్తే హార్నిమన్ సర్కిల్, 1718 నాటి సెయింట్ థామస్ చర్చి, 1833 నాటి టౌన్‌హాల్ వస్తాయి. వెడల్పైన మెట్లు, తెల్లటి స్తంభాలు, చెట్ల నీడ. చేతిలో అరగంట అదనంగా ఉంటేనే అటు వెళ్లండి.

పడమరకు తిరిగితే ఓవల్ మైదానం. ఈ నడకంతటికీ గుండెకాయ ఇదే, దీనికి కనీసం ముప్పావు గంట ఇవ్వాలి. మైదానం ఉత్తర దక్షిణాలుగా పొడుగ్గా ఉంటుంది. తూర్పు గట్టు మీద 1870ల నాటి రాతి భవనాలు: హైకోర్టు, విశ్వవిద్యాలయం, రాజాబాయి గడియార స్తంభం. పడమటి గట్టు మీద 1930ల నాటి సిమెంటు మేడలు. నడుమ పచ్చగడ్డి, క్రికెట్ ఆడే పిల్లలు. అరవై ఏళ్ల తేడాలో కట్టిన రెండు కాలాలు ఇలా ఎదురెదురుగా నిలబడి ఉండటం చూసే 2018లో యునెస్కో ఈ రెండింటినీ కలిపి ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. మైదానానికి చుట్టూ కంచె ఉంది, నడుమ నుంచి అడ్డంగా జనం దాటే బాట ఉంది. ఆ బాట మధ్యలో నిలబడితే రెండూ సమంగా కనిపిస్తాయి. ఆటకు అడ్డం పోవద్దు, బంతి వేగంగా వస్తుంది.

పొద్దున ఎండ పడమటి మేడల మీద పడుతుంది, కాబట్టి ముందు వాటిని చూడాలి. దూరం నుంచి చూస్తే పాత అపార్టుమెంట్లలాగే ఉంటాయి. దగ్గరికి వెళ్లి ఒక్క మేడను మాత్రం ఎంచుకుని కింది నుంచి పైకి చూడండి. కిటికీల మీద సన్‌షేడ్లు కనుబొమ్మల్లా సన్నగా సాగి మూల దగ్గర వంపు తిరుగుతాయి. బాల్కనీ మూలలు కోసుగా ఉండవు, గుండ్రంగా ఉంటాయి. కమ్మీలు ఓడ డెక్కు మీద ఉన్నట్టు అడ్డంగా పోతాయి. కొన్నిటికి ఓడ కిటికీలాంటి గుండ్రటి కిటికీలుంటాయి. గేటు మీద మేడ పేరు రాసిన అక్షరాలు కూడా ఆ కాలపువే. రాయి చెక్కాల్సిన పని తప్పి, సిమెంటు కాంక్రీటుతో ఏ వంపైనా పోయగలిగిన కొత్త ఉత్సాహం ఆ గోడల్లో కనిపిస్తుంది. సముద్రాన్ని పూడ్చి సంపాదించిన నేల మీద ఇవి లేచాయి. అంతకుముందు తూర్పు గట్టు రాతి భవనాలు సముద్రం వైపు చూస్తూ ఉండేవి. వీటిలో జనం కాపురం ఉంటున్నారు, మెట్ల దాకా వెళ్లి తొంగిచూడటం, కిటికీలకు ఫోన్ ఎత్తడం బాగుండదు. ఉత్తరం కొసన 1938 నాటి ఎరోస్ సినిమా ఉంది. రెండు రెక్కలు వచ్చి గుండ్రటి మూల బురుజు దగ్గర కలుస్తాయి.

తూర్పు గట్టు మీద రాజాబాయి స్తంభం ఎత్తు 280 అడుగులు. నమూనా ఇంగ్లండులో ఉన్న జార్జ్ గిల్బర్ట్ స్కాట్‌ది, డబ్బు పత్తి వ్యాపారి ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్‌ది, పేరు ఆయన తల్లిది. పైకి ఎక్కనివ్వరు, విశ్వవిద్యాలయం లోపలికి కూడా అందరినీ వదలరు. గేటు దగ్గర వాదించి సమయం పోగొట్టుకోకుండా మైదానం నుంచే చూడాలి. ఇంకో మాట. బొంబాయి కట్టడాల పనుల కోసం హైదరాబాద్ రాజ్యంలోని తెలుగు పల్లెల నుంచి వచ్చిన కూలీలను ఇక్కడ కామాఠీలు అన్నారు. కామాఠీపురా పేరు వాళ్లదే. ఏ గోడ కట్టినవాళ్ల పేరూ ఏ ఫలకం మీదా ఉండదు. కానీ ఈ ఊరి రాయి, మట్టి మోసిన చేతుల్లో మన చేతులూ ఉన్నాయి. ఆ ఎరుకతో చూడండి.

ఓవల్ నుంచి మహాత్మా గాంధీ రోడ్డు మీద దక్షిణానికి పది నిమిషాలు వస్తే కాలాఘోడా. నల్లగుర్రం మీద ఎడ్వర్డ్ రాజు విగ్రహం ఉండేది, 1965లో దాన్ని బైకుల్లా జూకి తరలించారు. పేరు మాత్రం పోలేదు. 2017లో రౌతు లేని కొత్త నల్లగుర్రాన్ని నిలబెట్టారు. పక్కనే 1870 నాటి డేవిడ్ సాసూన్ గ్రంథాలయం, వెనక సందులో నీలం రంగు యూదుల ప్రార్థనాలయం. జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ పదకొండుకు తెరుస్తారు, ప్రవేశం ఉచితం.

ఇక మ్యూజియం. ఛత్రపతి శివాజీ మహారాజ్ వాస్తు సంగ్రహాలయం పదీ పావుకు తెరుస్తారు. జార్జ్ విట్టెట్ కట్టిన ఈ భవనం మ్యూజియం కాకముందు మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల ఆసుపత్రిగా పనిచేసి, 1922లో మ్యూజియంగా తెరుచుకుంది. గుమ్మటానికి మన గోల్కొండ, బీజాపూర్ గోల్‌గుంబజ్ ఆదర్శం. సాలార్‌జంగ్ చూసినవాళ్లకు గదులు తక్కువగా అనిపించొచ్చు, కానీ ఇక్కడ వస్తువులను ఊపిరాడేలా అమర్చారు. గంటన్నరలో అంతా చూడాలని పరుగెత్తితే ఏదీ మనసులో నిలవదు. మూడు చూస్తే చాలు: మెసొపొటేమియా నుంచి వచ్చిన అస్సీరియా రాతి పలకలు, సింధ్‌లోని మీర్‌పుర్‌ఖాస్ బౌద్ధ మట్టి బొమ్మలు, అక్బర్ కవచం, డాలు. గుమ్మటం కింద నాసిక్‌లోని ఒక వాడా (పాతకాలపు పెద్ద ఇల్లు) నుంచి తెచ్చి నిలబెట్టిన చెక్క పనితనం దారిలోనే కనిపిస్తుంది. ఫోటోలకు విడిగా రుసుం ఉంటుంది, టికెట్‌తో పాటే అడగాలి. తెలుగులో వివరణ దొరకదు, మరాఠీ చదవగలిగే మన పిల్లలకు ఇబ్బంది లేదు.

పన్నెండున్నరకు బయటపడితే భోజనానికి సరిపోతుంది. ఒంటిగంట నుంచి ఆఫీసుల వాళ్లు దిగుతారు, ఆ తర్వాత ఏ హోటల్లోనూ చోటు దొరకదు. గేట్‌వే ఇక్కడికి పది నిమిషాల దూరమే: 26 మీటర్ల కమాను, 1924లో తెరిచారు, పక్కన 1903 నాటి తాజ్ హోటల్. గేట్‌వే ఆవరణలోకి వెళ్లేటప్పుడు సంచుల తనిఖీ ఉంటుంది. అక్కడికక్కడే ప్రింట్ ఇచ్చే ఫోటోగ్రాఫర్లతో ధర, ఫోటోల సంఖ్య రెండూ ముందే మాట్లాడుకోవాలి. లేకపోతే ఒకటి అడిగితే పది తీసి ఇస్తారు. పడవ వాళ్లు పిలిస్తే, అరగంట షికారా, ఎలిఫెంటా దీవికా అని స్పష్టంగా అడగాలి. ఎలిఫెంటాకు వెళ్లడానికే గంట పడుతుంది, వచ్చేసరికి సగం రోజు పోతుంది, మంత్రాలయ పని ఉన్న రోజు ఆ ఆలోచనే వద్దు. సోమవారం గుహలు మూసి ఉంటాయి. ఏ పడవ ఎక్కినా లైఫ్ జాకెట్ వేసుకుని తీరాలి. 2024 డిసెంబరు 18న ఈ దారిలోనే ప్రయాణికుల పడవను నౌకాదళ స్పీడ్‌బోటు ఢీకొని ప్రాణాలు పోయాయి.

రీగల్ సినిమా కూడలి నుంచి మేడమ్ కామా రోడ్డు నేరుగా పడమరకు మంత్రాలయకు పోతుంది, సుమారు కిలోమీటరు. టాక్సీవాళ్లు ఇంత దగ్గరికి రావడానికి ఇష్టపడరు. 2025లో పెంచాక కనీస చార్జీ 31 రూపాయలు, మీటరు వేస్తేనే ఎక్కాలి. ఈ వైపు ఆటోలు అసలు ఉండవు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను నడిపించకుండా భూగర్భ మెట్రో ఎక్కించొచ్చు: సీఎస్‌ఎంటీ, హుతాత్మా చౌక్, చర్చ్‌గేట్, విధాన్ భవన్ వరసగా స్టేషన్లు. ప్రతి స్టేషన్లో లిఫ్టు ఉంది, మంత్రాలయకు విధాన్ భవన్‌లో దిగాలి. సందర్శకుల నమోదు డిజీ ప్రవేశ్ యాప్‌లో ముందురోజే చేసుకుంటే గేటు దగ్గర నిలబడే బాధ తగ్గుతుంది. ఆధార్ అసలు కార్డు జేబులో ఉండాలి.

రోజు ఎంచుకునేటప్పుడు రెండు చూసుకోవాలి. శని, ఆదివారాలు మంత్రాలయ ఉండదు, ఫోర్ట్‌లో హోటళ్లు సగం మూసుంటాయి, నడకకు మాత్రం ఆదివారం పొద్దునకు సాటి లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన పట్టుకుంటే ఓవల్‌లో బురద, పడవలు కూడా ఆగిపోతాయి. అలాంటి రోజు డీఎన్ రోడ్డు కమాన్లు, మ్యూజియం చాలు.

ఆఫీసులో పని ఐదు లోపు తెమిలితే తిరుగు దారిలో మళ్లీ ఓవల్ మీదుగానే రండి. ఇప్పుడు సూర్యుడు పడమటి మేడల వెనక ఉంటాడు, పొద్దున నల్లగా కనిపించిన హైకోర్టు, రాజాబాయి స్తంభం లేత పసుపు రంగుకు తిరుగుతాయి, చెక్కిన ప్రతి గీతా విడిగా కనిపిస్తుంది. ఆ వెలుగు అరగంటకు మించి ఉండదు. తర్వాత చర్చ్‌గేట్ దాటి మెరైన్ డ్రైవ్ గట్టు మీద కూర్చుని దీపాలు వెలిగే దాకా ఉండొచ్చు. స్టేషన్‌కు ఎనిమిదికల్లా చేరాలి: క్లోక్‌రూమ్ దగ్గర రాత్రి రైళ్ల వాళ్లందరూ ఒకేసారి వరస కడతారు, దేవగిరి తొమ్మిది దాటాక బయలుదేరుతుంది.